పొలంలో పిల్లలకు ఏ పని చెప్పొచ్చు, ఏది చెప్పకూడదు

పిల్లలు పొలానికి రావడం తప్పా ఒప్పా అని వాదన మొదలయ్యే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ రోజు పిల్లాడు రాకపోతే ఈ పని ఆగిపోతుందా? వాడి బదులు కూలి మనిషిని పిలవాల్సి వస్తుందా? అవునంటే వాడు చేస్తున్నది సాయం కాదు, కూలి. మీ సొంత చేనైనా, మీ సొంత బిడ్డైనా అంతే. వాడు రాకపోయినా పని సాగుతుంది, వస్తే నాలుగు సంగతులు నేర్చుకుంటాడు అనుకుంటే, అప్పుడు ఏ వయసుకు ఏ పని, ఎన్ని గంటలు అన్న లెక్కలోకి వెళ్లొచ్చు. కింద రాసిందంతా ఆ లెక్కే.

చట్టం గీసిన గీత

1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. ఇప్పుడు 14 ఏళ్లు నిండని పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. ‘వ్యవసాయానికి ఇది వర్తించదు’ అని ఊళ్లలో చాలామంది చెబుతుంటారు, అది నిజం కాదు. చట్టంలో ‘సంస్థ’ అన్న మాట కింద దుకాణం, వర్క్‌షాపు, హోటల్‌తో పాటు పొలం కూడా ఉంది.

పొలం పనికి సంబంధించి వదిలిన సందు ఒక్కటే. బడి వేళలు అయ్యాకగానీ, సెలవుల్లోగానీ పిల్లలు సొంత కుటుంబానికి సాయం చేయవచ్చు, ఆ పని ప్రమాదకరమైనది కాకపోతే. కుటుంబం అంటే ఎవరో కూడా చట్టమే చెప్పింది: అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, నాన్న వైపు పెదనాన్న, బాబాయి, మేనత్త, అమ్మ వైపు మేనమామ, పెద్దమ్మ, పిన్ని. విచిత్రంగా తాతయ్య, నాయనమ్మ ఆ వరుసలో లేరు. పక్కింటి రైతు అసలే లేడు. అంటే ‘ఈ రోజు మా వాడు మీ చేలో, రేపు మీ వాడు మా చేలో’ అని బదులు పనికి పిల్లల్ని పంపడం చెల్లదు. డబ్బు చేతులు మారకపోయినా అది వేరేవాళ్ల పొలంలో పనే.

2017లో వచ్చిన కేంద్ర నియమాలు దీన్ని ఇంకా బిగించాయి. సాయమైనా సరే రోజుకు మూడు గంటలు దాటకూడదు, విశ్రాంతి ఆ మూడు గంటల్లో కలవదు. బడి వేళల్లో కూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా కూడదు. పెద్దవాళ్ల బదులు పిల్లల్ని నిలబెట్టకూడదు. పిల్లలకో, కుటుంబానికో డబ్బు తెచ్చే పని అందులో ఉండకూడదని కూడా ఉంది. ఆ చివరి మాటను అక్షరం పట్టుకుని చదివితే మార్కెట్‌కు వెళ్లే టమాటా కోయడం కూడా సాయం కిందికి రాదు. అందుకే పిల్లల చేతికి ఇచ్చే పని ఇంటి అవసరానికి వేసుకున్న మడిలోనో, పెరట్లోనో ఉంటే గొడవే లేదు.

ఉదయం 8కి ముందు వద్దన్న నియమం చూస్తే, రాసినవాళ్లు మే నెలలో రాయలసీమ చేను చూసినట్టు లేదు. ఎండాకాలం మన పనంతా తెల్లవారుజామునే కదా. అయినా నియమం నియమమే. వేసవి సెలవుల్లో సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా పెట్టుకోండి, రెండు గంటలు చాలు.

శిక్ష పనిలో పెట్టుకున్న యజమానికి పడుతుంది: ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి పట్టుబడితే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయొచ్చు. తల్లిదండ్రులకు మాత్రం మొదటిసారి మినహాయింపు ఉంది, బిడ్డను వ్యాపారం కోసం పనికి పంపితే అది కూడా ఉండదు. మళ్లీ పంపితే 10,000 దాకా జరిమానా.

సెలవులు, పంట పనులు

మన దగ్గర చిక్కంతా ఇక్కడే ఉంది. సెలవులు ఉన్నప్పుడు పెద్దగా పని ఉండదు, పని ఉన్నప్పుడు సెలవులు ఉండవు. ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులు. అప్పటికి చేలు ఖాళీ, దుక్కులు, గట్లు, ఎరువు తోలడం తప్ప. జూన్, జులైలో విత్తడం, నాట్లు, కలుపు మొదలయ్యేసరికి బడి తెరుస్తారు. పత్తి తీతలు దసరా దగ్గర మొదలై జనవరి దాకా, మిరప కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆ రెండోది సరిగ్గా పరీక్షల కాలం.

కాబట్టి ‘ఒక్క వారం బడి మానిపిస్తే ఏమవుతుంది’ అన్న మాట ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకసారి వస్తుంది. అయ్యేది ఇది: ఆరో తరగతి పిల్ల నవంబరులో పది రోజులు మానేస్తే ఆ పది రోజుల్లో భిన్నాల పాఠం అయిపోతుంది. తర్వాత వచ్చే శాతాలు, నిష్పత్తులు అన్నీ దాని మీదే నిలబడతాయి. అర్థం కాని క్లాసులో కూర్చోవడం కంటే చేనికి రావడమే నయమని పిల్లే అనడం మొదలుపెడుతుంది. దాన్ని మనం ‘దానికి చదువు అబ్బలేదు’ అంటాం. నియమాల ప్రకారం చెప్పాపెట్టకుండా వరసగా 30 రోజులు రాని పిల్లల సంగతి హెడ్‌మాస్టరు ఈ చట్టం అమలు చూసే నోడల్ అధికారికి రాయాలి. కానీ నష్టం అంతకు చాలా ముందే జరిగిపోతుంది. మన హద్దు సున్నా రోజులే ఉండాలి.

వయసుకు తగ్గ పని

ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా పిల్లలు చేసేది పని కాదు, చూడటం. కోళ్లకు గింజలు వేయడం, గుడ్లు ఏరడం, విత్తనాల్లో రాళ్లు, పుచ్చులు ఏరడం, చిన్న మగ్గుతో మొక్కలకు నీళ్లు పోయడం. అరగంట మించితే విసుగొస్తుంది, విసుగొస్తే వదిలేయాలి. మందు పట్టించిన విత్తనాన్ని మాత్రం ఏరించవద్దు. కంపెనీ పత్తి విత్తనానికి రంగు పూత ఉందంటే దాని మీద మందు ఉన్నట్టు. ఆ రంగు వేళ్లకు అంటుతుంది, వేళ్లు నోట్లోకి వెళ్తాయి.

తొమ్మిది నుంచి పదకొండు మధ్య చేతులు కుదురుకుంటాయి. బెండ, చిక్కుడు, గోరుచిక్కుడు ఇంటికి సరిపడా కోయడం, ప్రోట్రేలలో (నారు పెంచే గుంటల ట్రేలు) కొబ్బరిపొట్టు నింపి గుంటకొక విత్తనం వేయడం, ఎండబోసిన గింజను కాళ్లతో కలియదిప్పడం, దూడకు పచ్చగడ్డి వేయడం చెప్పొచ్చు. ఈనిన గేదె దగ్గరికి, ఆబోతు దగ్గరికి పంపొద్దు. ఎంత సాధువైన గేదె అయినా కొత్తగా ఈనినప్పుడు మీద పడుతుంది.

పన్నెండు, పదమూడేళ్లకు కలుపు తీసే తొలిక చేతికివ్వొచ్చు, మెత్తటి నేలలో, అరగంటకోసారి లేచి నడుం చాపేలా. కొడవలి ఈ వయసులో వద్దు. వరి కోసేటప్పుడు ఎడం చెయ్యి పిడికిలి పట్టి కుడి చెయ్యి తన వైపు లాగుతుంది. అలిసిపోయిన చెయ్యి జారితే ఎడం చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తెగుతాయి, లేదా పిక్క. ఈ వయసు పిల్లలకు బాగా పనికొచ్చేది లెక్క: బస్తాలు తూచి రాయడం, కూలి హాజరు రాయడం, వాన కొలవడం, ఎరువు ఎకరాకు ఎంతో గుంటకు లెక్క కట్టడం. దీన్ని ఎవరూ పనిగా లెక్కేయరు. పొలం మీద పట్టు వచ్చేది మాత్రం ఇక్కడే.

నిజంగా వ్యవసాయం నేర్పాలనుకుంటే సొంత మడి ఇవ్వండి. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు చాలు. తోటకూరతో మొదలుపెట్టించండి, నెల తిరిగేలోపు కోతకొస్తుంది కాబట్టి పిల్లల ఓపికకు సరిపోతుంది. మట్టి పొడిచేసి, బాగా మాగిన పశువుల ఎరువు రెండు తట్టలు కలిపించండి. విత్తనం ఆవగింజ కంటే చిన్నది, అలాగే చల్లితే ఒకచోట గుత్తిగా పడుతుంది. రెండు మూడు చిటికెల విత్తనాన్ని ఓ గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లమనండి. పైన మట్టి పల్చగా, గోరు మందం కూడా ఉండకూడదు. లోతుగా పడితే మొలవదు, పిల్లాడు తన తప్పేమిటో తెలియక డీలా పడిపోతాడు. నీళ్లు మొదటి వారం చేత్తో చిలకరించాలి, బిందెతో పోస్తే విత్తనం కొట్టుకుపోతుంది. ఆకులకు చిల్లులు పడితే పురుగును చేత్తో ఏరించండి, మందు మాట ఎత్తొద్దు. కోసిన కూర ఇంట్లో వండాలి, ఆ సంగతి వాడి ముందే చెప్పాలి.

పైకి తేలిగ్గా కనిపించి మోసం చేసే పనులు రెండున్నాయి. ఒకటి పిట్టల కాపలా. మంచె మీద కూర్చుని వడిసెల తిప్పడమే కదా అనిపిస్తుంది. కానీ పిట్ట వాలేది పొద్దుపొడిచాక, మళ్లీ పొద్దువాలే వేళ. ఆ రెంటి మధ్య పిల్లాడు ఇంటికి రాడు. రెండోది మేకలు, గొర్రెలు కాయడం. మేకల వెంట వెళ్లిన పిల్లాడికి మూడు గంటల పని అంటూ ఉండదు, తోలుకెళ్తే సాయంత్రమే. ఈ రెండూ బడి వదిలించే పనులు, వీటిని సాయం లెక్కలో వేయకండి.

బరువు

పిల్లల బరువులో పదో వంతు దాటి ఎత్తించొద్దు. బడి సంచికి పెట్టిన హద్దు కూడా అదే. పన్నెండేళ్ల పిల్ల 35 కిలోలుంటే మూడున్నర కిలోలు. ఇప్పుడు మన వస్తువుల బరువులు చూడండి. పది లీటర్ల నీళ్ల బకెట్ పది కిలోల పైమాటే. మందు కొట్టే 16 లీటర్ల చేతి పంపు నింపితే 20 కిలోలు దాటుతుంది. యూరియా బస్తా 45, డీఏపీ 50. అంటే ఎదిగే పిల్లలు మోయదగ్గది పొలంలో దాదాపు ఏదీ లేదు, ఓ అర బుట్ట కూరగాయలు తప్ప. ఎముక చివర్లు ఇంకా మెత్తగా ఉండే వయసులో రోజూ నెత్తిన బరువు పెడితే మెడ, నడుం నొప్పి పెద్దయ్యాక కూడా వదలకపోవచ్చు.

ఎండ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఇరవై నిమిషాలకోసారి ఓ గ్లాసు నీళ్లు, దాహం వేసిందా అని అడగకుండానే తాగించాలి. మొహం ఎర్రబడి, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉందంటే నీడలో పడుకోబెట్టి ఒంటి మీద తడిగుడ్డ వేయండి. తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా 108కి ఫోన్ చేయండి.

ఏ వయసు పిల్లలకూ చెప్పకూడనివి: పురుగుమందు

‘మేం పిల్లలతో మందు కొట్టించం’ అని అందరూ అంటారు, నిజమే. కానీ మందు కొట్టేటప్పుడు నీళ్లు మోసేదెవరు? డ్రమ్ములో కర్రతో కలిపేదెవరు? ఖాళీ డబ్బా కడిగేదెవరు? సాయంత్రం నాన్న చొక్కా, లుంగీ ఉతికేదెవరు? విషం పిల్లల ఒంట్లోకి ఈ నాలుగు దారుల్లోనూ వెళ్తుంది. అన్నిటికంటే చిక్కటి మందు ఉండేది కలిపేచోట, పంపులోకి వెళ్లాక అది పల్చబడుతుంది. కాబట్టి పంపు పట్టనివ్వకుండా డ్రమ్ము దగ్గర నిలబెట్టడం మరింత ప్రమాదం.

పిల్లలకు ఎక్కువ ఎందుకు తగులుతుందంటే, బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం వైశాల్యం ఎక్కువ, ఊపిరి వేగం ఎక్కువ, మందును విరగ్గొట్టే కాలేయం ఇంకా పూర్తిగా ఎదగలేదు. మొహం పత్తి మొక్క ఎత్తులోనే ఉంటుంది.

డబ్బా మీద త్రికోణం చూడటం ఇంట్లో అందరికీ నేర్పండి. ఎరుపు అంటే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తక్కువ విషం, విషం లేదని కాదు. కలుపుమందు పారాక్వాట్‌కు విరుగుడు లేదు. ఒక గుక్క లోపలికి పోయినా ప్రాణం దక్కడం కష్టం. ఏ మందునూ కూల్‌డ్రింక్ సీసాలోకి వంచొద్దు. పక్కింటి వాళ్లు కొంచెం అడిగారని చిన్న సీసాలో పోసివ్వడం మన ఊళ్లలో మామూలు, పిల్లల చావులకు దారితీసేది అలాంటి సీసాయే. తాళం వేసిన పెట్టెలో, పిల్లలకు అందని ఎత్తులో పెట్టాలి. మంచం కింద కాదు, దూలం మీద కూడా కాదు.

కొట్టిన చేలోకి ఎప్పుడు రానివ్వాలి? పెద్దవాళ్లకు లేబుల్ మీద రాసిన గడువు ఉంటుంది. పిల్లలకు సులువైన పద్ధతి ఒకటి: కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలని లేబుల్ మీద ఉందో, అన్ని రోజులూ పిల్లలు ఆ చేలో అడుగు పెట్టకూడదు. చేను గట్టున పాతిన కర్రకు ఎర్రగుడ్డ కట్టి, తీసే తేదీ పిల్లలకు చెప్పండి. మందు కొట్టేటప్పుడు వేసుకున్న బట్టలు వేరే బకెట్లో, చేతి తొడుగులు వేసుకుని పెద్దవాళ్లే ఉతకాలి.

విషం తగిలిందని ఎలా తెలుస్తుంది? ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులైతే (క్లోర్‌పైరిఫాస్ లాంటివి) చొంగ కారడం, చెమటలు, వాంతులు, కడుపులో మెలిపెట్టడం, కంటిపాప సూది మొనంత చిన్నదవడం, ఊపిరి ఆడకపోవడం. అప్పుడు వరసగా ఇవి చేయండి:

1. పిల్లను మందు దగ్గర్నుంచి గాలి ఉన్నచోటికి తీసుకెళ్లండి.
2. బట్టలన్నీ విప్పేయండి. జుట్టు, గోళ్ల సందులతో సహా సబ్బు నీళ్లతో కడగండి. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి.
3. వాంతి చేయించొద్దు. ఉప్పునీళ్లు, చింతపండు నీళ్లు, పాలు, నూనె ఏవీ పట్టొద్దు. స్పృహ సరిగా లేనప్పుడు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే అది విషం కంటే ముందు చంపుతుంది.
4. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. మందు డబ్బానో, కనీసం లేబుల్ ఫొటోనో ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు ఏ విరుగుడు ఇవ్వాలో తేల్చుకోగలరు.

యంత్రాలు, కరెంటు, నీళ్లు

ట్రాక్టర్ మడ్‌గార్డు మీద పిల్లాణ్ని కూర్చోబెట్టుకుని దున్నడం ముద్దుగానే ఉంటుంది. గట్టు ఎక్కేటప్పుడు ఒక్క కుదుపుకు పడితే పడేది పెద్ద చక్రం ముందు, వెనక రోటవేటర్ తిరుగుతూ ఉంటుంది. ట్రాక్టర్‌కు సీటు ఒక్కటే, మనిషీ ఒక్కడే. ట్రాక్టర్ వెనక తగిలించిన యంత్రాన్ని తిప్పే పీటీఓ షాఫ్ట్ మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. చున్నీ కొసో, లంగా అంచో తగిలితే ‘ఆపండి’ అని అరిచేలోపు మనిషే దానికి చుట్టుకుపోతారు. షాఫ్ట్ మీద తొడుగు ఊడిపోతే కొత్తది వేయించాకే బండి కదలాలి. నూర్పిడి యంత్రం, గడ్డి కత్తిరించే యంత్రం నడుస్తున్నంతసేపు పిల్లలు పది మీటర్ల అవతల ఉండాలి. గడ్డి యంత్రంలో చెయ్యి పోయేది గడ్డి ఇరుక్కున్నప్పుడు తోయబోయి.

రోడ్డు ఎక్కితే ఇంకో సంగతి. 18 నిండని పిల్లాడు ట్రాక్టర్ రోడ్డు మీద నడిపి పట్టుబడితే 2019 సవరణ ప్రకారం బండి యజమానికి లేదా తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

మోటారు స్టార్టర్ దగ్గరికి పిల్లల్ని పంపొద్దు. తడి కాళ్లు, తుప్పు పట్టిన ఇనప డబ్బా, ఎర్తింగ్ లేని కనెక్షన్, మూడూ కలిస్తే చాలు. అడవి పందుల కోసం చేల చుట్టూ కరెంటు తీగ లాగడం నేరం. ఎవరైనా లాగారని తెలిస్తే ఆ దారిన పిల్లల్ని పంపకుండా ఉంటే సరిపోదు, కరెంటు ఆఫీసుకు చెప్పాలి. పంట కుంటలో ప్లాస్టిక్ పట్టా పరిస్తే గట్టు నాచుపట్టి జారుతుంది. ఈత వచ్చినవాడు కూడా పట్టు దొరక్క పైకి రాలేడు. ఒక మోకు గట్టున గుంజకు కట్టి నీళ్లలోకి వేలాడేసి ఉంచండి. ఖర్చు తక్కువ, ప్రాణం దక్కుతుంది.

పాము కరిస్తే తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, పిల్లాణ్ని నడిపించకుండా ఎత్తుకుని, విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి నేరుగా వెళ్లాలి. మంత్రం వేసేవాడి దగ్గర పోయే అరగంటే కొంప ముంచుతుంది. పదేళ్లకు, పదహారేళ్లకు వేసే టీడీ టీకా వేశారో లేదో కార్డు చూసుకోండి. మట్టిలో పని ఉన్న ఇంట్లో ధనుర్వాతం లెక్కలోకి రావాల్సిందే.

పొగాకు, సీడ్ పత్తి

ప్రకాశం, ఉమ్మడి పశ్చిమ గోదావరి, ఖమ్మం వైపు పొగాకు ఉన్న ఇళ్లలో పచ్చాకు పని పిల్లలకు అసలు వద్దు. మంచుకో, వానకో, చెమటకో తడిసిన ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. కొన్ని గంటల్లో వాంతులు, తలతిరుగుడు, తలనొప్పి మొదలవుతాయి. పిల్లాడు ఎండకు అలిసిపోయాడనుకుని నిమ్మరసం ఇస్తాం, మర్నాడు మళ్లీ పంపుతాం. పొగ తాగడం అలవాటైన పెద్దవాళ్లు కొంత తట్టుకుంటారు, అలవాటు లేని చిన్న ఒళ్లు తట్టుకోదు.

సీడ్ పత్తి, అంటే విత్తనం కోసం పండించే పత్తి, సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఉమ్మడి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, ఇప్పటి నంద్యాల, గద్వాల ప్రాంతాల్లో పిల్లల కూలి చర్చ ఏళ్ల తరబడి దీని చుట్టూనే తిరిగింది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ఆడ వరస మొక్కల్లో రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ రోజు మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఒక్కొక్కటే పట్టుకుని, పూరెమ్మలు, పుప్పొడి తిత్తులు గోటితో ఒలిచేయాలి. లోపలి కీలం (పుప్పొడిని అందుకునే కాడ) విరగకూడదు. మర్నాడు పొద్దున మగ పువ్వు కోసి ఆ కీలానికి రాయాలి, ఎండ ముదిరితే పుప్పొడి పనికిరాదు. ఇలా ఆగస్టు నుంచి రెండు నెలలకు పైగా, రోజూ.

గంటలు చూడండి. మధ్యాహ్నం బడి ఉంటుంది, పొద్దున బడి ఉంటుంది. వేసవి సెలవులేమో మేలో. ఇలా ఒలిచి, పుప్పొడి రాసే ఈ క్రాసింగ్ పనికీ, బడికీ ఏ మూలా పొత్తు కుదరదు, కాబట్టి దీన్ని ‘బడయ్యాక ఇంటి సాయం’ అని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. పైగా ఆ రోజుల్లోనే చేనుకు వరసగా మందులు పడతాయి. చిన్న వేళ్లకే ఈ పని బాగా వస్తుందన్న మాట కూడా కట్టుకథే, పెద్దవాళ్లు ఇదే పని ఇంతే బాగా చేస్తారు. పిల్లల్ని తెచ్చేది వేళ్ల సన్నదనం కాదు, కూలి తక్కువ కావడం, ముందే ఇచ్చిన అడ్వాన్సు. విత్తన కంపెనీ తరఫున వచ్చే ఆర్గనైజరు దగ్గర ఒప్పందం రాసుకునేటప్పుడే రైతు క్రాసింగ్ ఖర్చు పెద్దవాళ్ల కూలితో లెక్కగట్టి కొనుగోలు ధర అడగాలి. పిల్లల కూలితో లెక్క వేసుకుని ధర ఒప్పుకుంటే తర్వాత తప్పించుకునే దారి ఉండదు.

మీ చేలోకి వచ్చే ముఠాలో పిల్లలుంటే

మిరప, పత్తి కోతల్లో కూలి కిలోల లెక్కన ఇస్తారు. ఎన్ని చేతులుంటే అన్ని కిలోలు, కాబట్టి తల్లి వెంట పదేళ్ల పిల్ల కూడా బుట్ట పడుతుంది. ‘నేను పిల్లకేం డబ్బు ఇవ్వలేదు, తల్లికిచ్చాను’ అన్న మాట అధికారుల ముందు నిలవదు, చేను మీది.

మేస్త్రితో బేరం కుదిరే రోజే చెప్పండి: 14 లోపు వాళ్లు చేలోకి దిగకూడదు, దిగితే ఆ రోజు తూకం ఆపేస్తాను. వయసు మీద అనుమానం ఉంటే ఆధార్‌గానీ, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్‌గానీ అడగండి. వీలైతే కిలో లెక్క వదిలి రోజు కూలికి మాట్లాడుకోండి, అప్పుడు పిల్లను తెచ్చినా తల్లికి ఒరిగేదేమీ ఉండదు. అలాగని పిల్లల్ని చేలోకి రానివ్వనని చెప్పి ఊరుకుంటే వాళ్లు గట్టు మీద మందు డబ్బాల మధ్య ఆడుకుంటారు. దగ్గర్లోని అంగన్‌వాడీలో చిన్నవాళ్లను, ఊరి బడిలో పెద్దవాళ్లను కూర్చోబెట్టే ఏర్పాటు రైతులు నలుగురు కలిసి సర్పంచితో మాట్లాడితే ఒక్క రోజులో అవుతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ లేదనో, వయసు ధ్రువపత్రం లేదనో బడి వాళ్లు వెనక్కి పంపకూడదు. వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి.

కర్నూలు పశ్చిమ మండలాల నుంచి గుంటూరు వైపు మిరప కోతలకు వలస వెళ్లే కుటుంబాలకు సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. తల్లిదండ్రులు వెళ్లిన నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవచ్చు. వలసకు బయల్దేరాక కాదు, ముందే హెడ్‌మాస్టరును కలిసి పేరు రాయించాలి. ఆడపిల్ల మధ్యలో మానేసి ఉంటే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో అడగండి, తిండీ బసా అక్కడే.

పద్నాలుగు నిండాక

14 నుంచి 18 లోపు వాళ్లు ప్రమాదకరం కాని పని కూలికి కూడా చేయవచ్చు, అయితే గంటలకు లెక్క ఉంది. మూడు గంటలు చేశాక గంట విశ్రాంతి. విశ్రాంతి కలుపుకుని రోజుకు ఆరు గంటలే. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని లేదు. వారానికో రోజు సెలవు. ఓవర్‌టైం కూడదు. ఒకే రోజు రెండు చోట్ల పని చేయకూడదు. మందులు, యంత్రాల దగ్గర ఈ వయసు వాళ్లకూ పైన చెప్పిందే వర్తిస్తుందనుకోండి. నాట్లు, కలుపు, కూరగాయల కోత, పాలు పిండటం లాంటివి చెప్పొచ్చు. ఇంటర్ చదివే పిల్లాడు దసరా సెలవుల్లో కూలికి వస్తే డబ్బు వాడి చేతికే ఇవ్వండి, మేస్త్రికి కాదు. అడ్వాన్సు ఇవ్వనే వద్దు. అప్పు మిగిలిందంటే సెలవులు అయిపోయినా వాడు చేలోనే ఉంటాడు.

ఎక్కడైనా చిన్నపిల్లలతో పని చేయిస్తున్నట్టు చూస్తే 1098కి ఫోన్ చేయొచ్చు, రాత్రయినా పగలైనా తీస్తారు, డబ్బు పడదు. ఊరు, మండలం, చేను ఏ రోడ్డు పక్కన, ఎంతమంది పిల్లలు, ఏ వేళ కనిపించారు, ఈ అయిదూ చెబితే చాలు. మీ పేరు బయటపెట్టొద్దని అడగండి.